కట్టె, కొట్టె, పేర్చె

రామాయణమంతటినీ 'కట్టె, కొట్టె, తెచ్చె' అని మూడు ముక్కల్లో తేల్చేసిన జాతి మనది. వంటచెరకు వ్యవహారమూ అంతేననుకుంటాం. కట్టె ఉంది, గొడ్డలి ఉంది, ఇక కొట్టడమేగా! ఆ ధీమాతోనే ఇరవయ్యేళ్ల వయసులో నేనొక చింత దుంగ మీద గొడ్డలి ఎత్తాను. గొడ్డలి దిగింది. దిగిన గొడ్డలి మళ్లీ రాలేదు. అటూ ఇటూ ఊపితే కామ ఊగింది గాని వాదర కదల్లేదు. దుంగను కాలితో తొక్కిపట్టి గుంజితే కామ ఒక్కటే ఊడి చేతికొచ్చింది. అరుగు మీంచి చూస్తున్న మా మేనత్త, "ఒరే, దాన్ని కొట్టావా, దానికి గొడ్డలి అప్పగించి వచ్చావా?" అని నవ్వింది.

ఆ నవ్వు తర్వాత అడితుల్లో, పెళ్లిళ్ల వంటశాలల్లో, పల్లెటూరి పెరళ్లలో కట్టె కొట్టేవాళ్లను ఆగి చూడడం అలవాటైంది. ఇతర దేశాల పద్ధతులూ చదివాను. అన్నీ కలిపి చూస్తే నాకు తేలింది ఒకటే. కట్టె చీలుతుందా లేదా అన్నది గొడ్డలి ఎత్తకముందే ముప్పాతిక వంతు తేలిపోతుంది. ఏ చెట్టు, ఎంత తడి, పగులు ఎక్కడ, కింద ఆధారం ఏమిటి అన్నవి చూసుకున్నాకే పనిముట్టు సంగతి. కండబలం వంతు చిట్టచివర.

ఇంటింటికీ గ్యాస్ వచ్చాక ఈ గొడవ ఇంకా దేనికని అడగొచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకం, 2016 నాటి ఉజ్వల పథకం పల్లెల్లో పొయ్యి రూపాన్నే మార్చేశాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో నూటికి దాదాపు 92 ఇళ్లు, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 84 ఇళ్లు పొగ లేని ఇంధనంతో వండుకుంటున్నాయి. వంటింటి పొగ బారినుంచి ఆడవాళ్లు బయటపడ్డారు, మంచిదే. అయినా పెళ్లి వంటల గాడిపొయ్యికి, వేణ్నీళ్ల బాయిలర్‌కు, పొగాకు బ్యారన్‌కు, మన్యంలో చలికాలపు నెగడుకు, ఆఖరికి చితికి కట్టె కావలసిందే. ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు గొడ్డలి ఎత్తుతూనే ఉన్నారు.

ముందు కట్టెను చదవాలి

చెట్టును నరకడం వేరు, కట్టెను చీల్చడం వేరు. చాలామంది ఇక్కడే పొరబడతారు. కట్టె అంటే సన్నని గొట్టాలను నిలువునా పక్కపక్కన పేర్చి అతికించిన కట్ట అనుకోండి. నరికేటప్పుడు ఆ గొట్టాలను అడ్డంగా తెంపాలి. చీల్చేటప్పుడు వాటి మధ్య అతుకును విప్పితే చాలు. పోగు పొడవునా లాగితే కట్టె తట్టుకునే బలంలో, పోగులను విడదీసేలా లాగితే తట్టుకునేది సుమారు ఇరవయ్యో వంతే. చీల్చేవాడికి ప్రకృతి ఇచ్చిన రాయితీ ఇది. అయితే పోగు తిన్నగా ఉంటేనే ఈ రాయితీ వర్తిస్తుంది. పోగు మెలితిరిగినా, మధ్యలో కొమ్మ మొదలు ముడిలా అడ్డుపడినా అతుకు విప్పబోయి మళ్లీ పోగులు తెంపే పనిలోనే పడతాం.

ఆ లెక్కన మన చెట్లను వరస పెట్టొచ్చు. కోస్తా ఇసుక నేలల్లో పెరిగే సరుగుడు గట్టిది, బరువైనది. అయినా పోగు తిన్నగా సాగడం వల్ల సరైన దెబ్బ పడితే నిలువునా విచ్చుకుంటుంది. మామిడి మెత్తన, పెద్దగా మొరాయించదు. నల్లతుమ్మ పచ్చిమీద మాట వింటుంది. ఎండితే అదే కట్టె బండి చక్రాలకూ నాగళ్లకూ ఎందుకు వాడేవారో చెప్పకనే చెబుతుంది. వేప, జామాయిల్ పోగులు మెలిపడి ఉంటాయి. తాటిది వేరే కథ. దానికి వలయాలూ ఉండవు, నడిబొడ్డూ ఉండదు. నార నిలువునా సాగుతుంది కాబట్టే తాటిమాను పొడవునా చీలి ఇంటి దూలాలయింది.

సర్కారు తుమ్మ గురించి విడిగా చెప్పుకోవాలి. 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటిన ఈ పరాయి చెట్టు ఇప్పుడు చెరువు గట్లన్నీ ఆక్రమించింది. నిప్పు బాగా నిలుస్తుంది, పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. కాని వంకర టింకర. మూరెడు తిన్నని ముక్క దొరకడమే గగనం. దానిని చీల్చాలని పంతం పట్టడం కన్నా వంకర ఉన్నచోటల్లా రంపంతో పొట్టిగా కోసుకోవడమే తెలివి. ముక్క ఎంత పొట్టిదైతే అంత తేలిగ్గా చీలుతుంది.

ఇక చింత. దాని పోగులు జడలా ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటాయి. ఒకవైపు విప్పితే ఇంకోవైపు పట్టుకుంటుంది. మాంసం కొట్లలో కత్తి కింద పెట్టే మొద్దు చాలాచోట్ల చింతదే కావడానికి కారణం అదే. రోజుకు వెయ్యి దెబ్బలు తిన్నా విచ్చుకోదు.

చెట్టు తెలిశాక పగులు చూడాలి. కోసిన దుంగ ముఖం మీద నడిబొడ్డు నుంచి అంచుకు సూర్యకిరణాల్లా నెర్రెలు కనిపిస్తాయి. ఎండేటప్పుడు కట్టె వలయాల వెంట కుంచించుకునేది ఎక్కువ, వలయాలకు అడ్డంగా కుంచించుకునేది సుమారు అందులో సగమే. ఆ లాగుడుకు దుంగ తనంతట తాను కిరణాల వెంట విచ్చుకుంటుంది. అంటే ఎక్కడ కొట్టాలో కట్టే గీత గీసి చూపిస్తోందన్న మాట.

గోదావరి జిల్లాలో ఒక పట్నం శివారు కట్టెల అడితిలో దీన్ని కళ్లారా చూశాను. అరవై దాటిన పెద్దాయన. లావు గళ్ల లుంగీ, తలకు తువ్వాలు. జానెడున్నర లావు సరుగుడు ముక్కను మొద్దు మీద నిలబెట్టి, రంపపు పొట్టును అరచేత్తో తుడిచాడు. బొటనవేలిని నెర్ర మీద నడిబొడ్డు నుంచి అంచుదాకా నడిపాడు. ముక్కను పావువంతు తిప్పి, ఆ నెర్ర తనకు ఎదురుగా నిలువుగా వచ్చేలా పెట్టుకున్నాడు. అప్పుడు గొడ్డలి అందుకున్నాడు. ఏడు దెబ్బలు, ఎనిమిది పేళ్లు. ఒక్క దెబ్బా వృథా పోలేదు. "అంత కచ్చితంగా ఎలా తాతా?" అంటే, "నేను కొట్టేదేముంది బాబూ, అది ఎప్పుడో పగిలింది. నేను విడదీస్తున్నాను" అన్నాడు.

పచ్చిదా, ఎండుదా

కట్టె కొట్టేవాళ్లలో తెగని వాదం ఇది. ఎండితే తేలిక అని ఒకరు, పచ్చిమీదే కొట్టెయ్యాలి అని ఇంకొకరు. ఇద్దరి మాటా నిజమే, చెట్టును బట్టి. తుమ్మ, జామాయిల్, వేప వంటివి ఎండేకొద్దీ ఇనుములా బిగుస్తాయి. వీటి విషయంలో సామెతను కాస్త మార్చుకోవచ్చు: పచ్చిమీద చీలనిది ఎండి చీలునా! మెత్తని, తిన్నని పోగున్న కట్టెకు మాత్రం పైపైన ఎండి నెర్రెలు తేలేదాకా నాలుగు వారాలు ఆగితే సగం పని ఎండే చేసిపెడుతుంది. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, కట్టె ఒక లెక్కా?

పొయ్యి వైపు నుంచి చూస్తే మాత్రం ముందే చీల్చడం అన్నివిధాలా లాభం. అప్పుడే కొట్టిన చెట్టు బరువులో దాదాపు సగం నీళ్లుంటాయి. అలాంటి కిలో కట్టెలో అరకిలో నీటిని కాచి ఆవిరి చేయడానికే 300 కిలోకేలరీలు కావాలి. మిగతా అరకిలో కట్టె ఇచ్చేదే 2,200 చిల్లర. ఏడో వంతు వేడి నీళ్ల పాలు, పైగా మంట చల్లబడి పొగ. మంచి వంటచెరకులో తడి నూటికి 20 పాళ్లకు మించకూడదు.

తడి పోయే దారి ఏది? బెరడు నీటిని బయటికి పోనివ్వదు, అది ఉన్నదే అందుకు. 30 సెంటీమీటర్ల లావు, 40 సెంటీమీటర్ల పొడవున్న దుంగకు గాలి తగిలేది రెండు కోతముఖాలకే. ఆ మేర సుమారు 1,400 చదరపు సెంటీమీటర్లు. దాన్నే ఎనిమిది పేళ్లు చేస్తే కొత్తగా బయటపడే లోపలి ముఖాలతో కలిపి అది 11,000 అవుతుంది. దాదాపు ఎనిమిది రెట్లు. ఏడు దెబ్బలకు దక్కిన ఫలం అది.

పనిముట్ల పంచాయితీ

మన ఊళ్లలో ఇంటికొక గొడ్డలి ఉంటే గొప్ప. చెట్టు నరికేదీ, కొమ్మ కొట్టేదీ, కట్టె చీల్చేదీ అదే. దాని పక్కలు పలచన, వాదర సన్నం. నరకడానికి అది కొట్టినపిండి. చీల్చడానికి వచ్చేసరికి ఆ పలచదనమే శత్రువు. లోతుగా దిగుతుంది, పోగులను పక్కకు నెట్టదు, ఇరుక్కుంటుంది. నా చింత దుంగ కథలో తప్పు సగం నాది, సగం గొడ్డలిది.

చీల్చడానికి కావలసింది మందపాటి పక్కలున్న గొడ్డలి. వాదర పగులు తెరిస్తే చాలు, ఆ పగులును పెంచేది వెనక వచ్చే మందమే. పాశ్చాత్య దేశాల్లో ఇందుకోసమే మాల్ అనే బరువు గొడ్డలి చేస్తారు. సాధారణంగా 6 లేదా 8 పౌండ్లు, అంటే 2.7 లేదా 3.6 కిలోలు. బరువు పెరిగితే పని తేలికవుతుందని అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. రెండు కిలోల గొడ్డలిని సెకనుకు 10 మీటర్ల వేగంతో విసిరితే దెబ్బలో 100 జౌళ్ల శక్తి ఉంటుంది. మూడు కిలోలది మోయలేక వేగం 8 మీటర్లకు పడిపోతే ఆ శక్తి 96. శక్తి బరువుతో పాటు పెరుగుతుంది, వేగానికైతే వర్గం లెక్కన పెరుగుతుంది. పది దెబ్బలకు బరువు గొడ్డలి బాగానే ఉంటుంది. రోజంతా కొట్టేవాడు మాత్రం తాను వేగంగా విసరగలిగిన దాన్నే ఎంచుకోవాలి.

మందపాటి గొడ్డలి దొరక్కపోతే దిగులు లేదు. ఇనుప చీల, సమ్మెట అన్నవి కమ్మరి కొలిమి ఉన్న ఏ ఊరికీ కొత్త కాదు. ఒకవైపు ఉలిలా, మరోవైపు మందంగా ఉండే ఇనుప దిమ్మను నెర్రలో నిలబెట్టి సమ్మెటతో దించడమే. చీలలు కనీసం రెండు ఉండాలి. మొదటిది పగులు తెరుస్తుంది. అది పూర్తిగా దిగి ఇరుక్కుంటే రెండోదాన్ని ఆ పగులులోనే కాస్త ముందుకు కొడితే మొదటిది వదులై చేతికొస్తుంది. ఒక్క చీలతో పనిలోకి దిగినవాడు దానిని దుంగకు దక్షిణ ఇచ్చినట్టే. రెండు బారల తాటిమానునైనా ఇలా పగులు వెంట నడుచుకుంటూ చీల్చేస్తారు. నిదానం, కాని లావు దుంగకు ఇంతకు మించిన చేతిపని లేదని నా తీర్పు.

ఫిన్లాండులో హెయిక్కి కార్నా అనే ఆయన విపుకిర్వెస్ అనే విచిత్రమైన గొడ్డలి కనిపెట్టాడు. దాని తల ఒక పక్కకు బరువు. దెబ్బ పడగానే తనంతట తాను పక్కకు ఒరిగి గునపంలా కట్టెను తోసేస్తుంది. లోతుగా దిగదు కాబట్టి ఇరుక్కోదు. తిన్నని పోగుకు అద్భుతం, మెలి పోగు ముందు దాని ఎత్తు పారదు.

న్యూజిలాండులో ఐలా హచిన్సన్ అనే బడిపిల్ల చేసిన పనిముట్టు నాకు ఇంకా నచ్చింది. తల్లి పుల్లలు కొడుతూ వేలు కోసుకోవడం చూసి, 2013లో బడి సైన్సు ప్రదర్శన కోసం తయారుచేసింది. వాదర పైకి ఉండేలా ఇనుప చట్రంలో బిగించి, దాని మీద కట్టె ముక్క పెట్టి, పైనుంచి సుత్తితో కొట్టడం. పదును కదలదు, కట్టె కదులుతుంది. తెలుగింట ఈ సూత్రం తెలియనిదెవరికి? మన కత్తిపీట చేసేది అదే! వంకాయకు వాడిన ఉపాయం వంటచెరకుకు వాడాలని మనకు తోచలేదు, అంతే.

సన్నని పుల్లలకు గోదావరి వైపు మచ్చుకత్తి చాలు. కత్తిని ముక్క మీద ఆనించి, వీపు మీద ఇంకో కట్టెతో కొట్టడం నేర్చుకుంటే వేళ్లు దక్కుతాయి. హైడ్రాలిక్ యంత్రాల జోలికి ఇక్కడ పోను. అడితి వ్యాపారానికి అవి లాభం, ఇంటి అవసరానికి దండగ.

కామ గురించి ఒక మాట. కామను పైనుంచి దూర్చి కిందికి లాగే గొడ్డలికి కామ పైకొస లావుగా ఉంటుంది. విసిరేకొద్దీ తల బిగుస్తుంది, ఎగిరిపోదు. కింది నుంచి దూర్చి పైన చీల కొట్టే రకం వదులయ్యే ప్రమాదం ఎక్కువ. వదులైన గొడ్డలిని రాత్రంతా నీళ్లలో నానబెట్టడం ఇంటింటి వైద్యం. ఆ పూటకు బిగుస్తుంది నిజమే. కాని ఉబ్బిన కట్టె ఇనుప బెజ్జంలో నలిగి, ఎండాక మునుపటి కన్నా వదులవుతుంది. కొత్త చీల కొట్టుకోవడమే సరైన మందు.

దెబ్బ ఎలా పడాలి

మొదట కింద ఏముందో చూడాలి. నేల మీద పెట్టి కొడితే దెబ్బలో కొంత మట్టి మింగేస్తుంది, తప్పిన వాదర రాయిని ముద్దాడుతుంది. గట్టి మొద్దు ఒకటి, మోకాలి ఎత్తుకు మించనిది, కింద ఉండాలి. మన పల్లెల్లో కట్టెను పడుకోబెట్టి, ఒక కొసను కాలితో తొక్కిపట్టి కొట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. అడ్డంగా నరకడానికి అది కుదిరినా, చీల్చడానికి పనికిరాదు. పైగా కాలివేళ్లు వాదర దారిలో ఉంటాయి.

కాళ్లు రెండూ భుజాల వెడల్పున సమంగా ఉంచి, చేతులు చాచితే వాదర కట్టె అంచును తాకేంత దూరంలో నిలబడాలి. ఒక చెయ్యి కామ చివర, రెండోది తల దగ్గర. ఎత్తేటప్పుడు పై చెయ్యి బరువు మోస్తుంది. దింపేటప్పుడు అది జారి కింది చేతిని కలుసుకుంటుంది. గొడ్డలి కిందికి వచ్చేకొద్దీ మోకాళ్లు వంచాలి. వంచకపోతే వాదర గుండ్రంగా తిరిగి మోకాలి కింది ఎముకకు వస్తుంది. వంచితే తిన్నగా మొద్దులోకి పోతుంది. ఈ ఒక్క అలవాటు ఎన్నో కాళ్లను కాపాడుతుంది.

గురి నడిబొడ్డుకు పెట్టడం కొత్తవాళ్ల పొరపాటు. గురి మన వైపు అంచు మీద ఉండాలి. దూరపు అంచు మీద పడితే తల కట్టె దాటిపోయి కామ దెబ్బతింటుంది, గొడ్డళ్లు ఎక్కువగా విరిగేది అలాగే. రెండు చేతులకూ అందనంత లావు దుంగనైతే సగానికి చీల్చబోవద్దు. చుట్టూ తిరుగుతూ అంచుల నుంచి పలకలుగా రాల్చుకుంటూ లోపలికి పోవాలి. ముడి ఉంటే దాన్ని కిందికి పెట్టి, ముడి లేని వైపు నుంచి మొదలుపెట్టాలి. పాత టైరును మొద్దు మీద పెట్టి ముక్కను అందులో నిలబెడితే పేళ్లు ఎగిరి పడవు, ప్రతి దెబ్బకూ వంగి ఏరుకునే శ్రమా ఉండదు.

గొడ్డలి ఇరుక్కుంటే? చిన్న ముక్కయితే గొడ్డలితో సహా ఎత్తి తిరగేసి, గొడ్డలి వెనక వైపు మొద్దుకు తగిలేలా కొట్టండి. కట్టె బరువే దాన్ని వాదర మీదికి తోస్తుంది. పెద్దదైతే ఇనుప చీలకు పని చెప్పాలి. కామ పట్టుకు ఊగితే ఏమవుతుందో నన్నడగండి.

పగులు పక్కదారి పడితే దాన్ని దారికి తెచ్చే విద్య మేదరుల దగ్గర నేర్వాలి. వెదురు బద్ద చీలుస్తున్నప్పుడు పగులు ఒక పక్కకు జరిగి ఒక బద్ద సన్నం, ఇంకోటి మందం అవుతుంటే, వాళ్లు మందపు బద్దను ఎక్కువ వంచుతారు. పగులు అటు మళ్లి మధ్యకు వస్తుంది. చేతితో వంచగల ఏ పచ్చి బద్దకైనా ఇదే సూత్రం.

జాగ్రత్తలు నాలుగే, నాలుగూ అనుభవం మీద తేలినవి. సమ్మెట దెబ్బలకు చీల తల పువ్వులా విచ్చుకుంటే దాన్ని సానపట్టి తీసెయ్యాలి, ఆ రేకులు తునిగి కంట్లో పడతాయి. గొడ్డలి వెనక వైపును సమ్మెటలా వాడకూడదు, బెజ్జం దగ్గర తల పగులుతుంది. కళ్లకు అద్దాలు, కాళ్లకు చెప్పులు కాదు, బూట్లు. నాలుగు బారల దూరంలో పిల్లలు ఉండకూడదు.

పేర్చడమూ కొట్టడంలో భాగమే

ఎంత సన్నంగా చీల్చాలన్నది పొయ్యి చెబుతుంది. మూడు రాళ్ల పొయ్యికి మణికట్టు లావు దాటితే మంట కన్నా పొగ ఎక్కువ. గాడిపొయ్యికి పిక్క లావు పేళ్లు ఉంటేనే గుండిగ కింద నిప్పు నిలుస్తుంది. అడుగున రెండు దూలాలో ఇటుకలో వేసి, నేలకు తగలకుండా పేర్చాలి. మన నేలల్లో చెద పట్టడానికి ఒక వాన చాలు. పైన కప్పు, పక్కలకు గాలి. మాఘ, ఫాల్గుణాల్లో కొట్టిన కట్టె మృగశిర వానల్లోపు ఎండుతుంది. రెండు పేళ్లను ఒకదానితో ఒకటి తట్టండి. ఎండితే ఖంగుమంటుంది, పచ్చిదైతే దబ్బుమంటుంది. చీకట్లో మాత్రం వాటిలో చెయ్యి పెట్టొద్దు. తేలుకు కట్టెల మోపు కన్నా మంచి ఇల్లు లేదు.

నార్వే వాళ్లకు ఇదంతా ఒక ముచ్చట. లార్స్ మిట్టింగ్ అనే రచయిత కట్టెలు కొట్టడం, పేర్చడం మీద 2011లో రాసిన పుస్తకం ఎన్నో భాషల్లోకి వెళ్లింది. 2013 ఫిబ్రవరిలో అక్కడి ప్రభుత్వ టీవీ కట్టెల మీదే పన్నెండు గంటల కార్యక్రమం నడిపింది. అక్కడ అది చలి తీర్చే ఆస్తి. మన దగ్గర కట్టె కొట్టేవాడి విద్యకు కూలి తప్ప పేరు లేదు.

అడితి పెద్దాయన దగ్గర ఆ రోజు సాయంత్రం దాకా కూర్చున్నాను. తెచ్చిన బండెడు కట్టె అంతా పేళ్లయింది. ఒక దుంగ మాత్రం మూల ఉండిపోయింది, లావుగా, ముడులతో. "అదీ?" అన్నాను. ఆయన వెళ్లి బొటనవేలితో ఒకసారి తడిమి, "చింత బాబూ. ఇది చీలదు" అని కాలితో దొర్లించుకుంటూ తెచ్చాడు. అప్పటిదాకా పేళ్లు కొట్టిన పాత మొద్దు అంచులు అరిగిపోయి ఉన్నాయి. దాన్ని పక్కకు నెట్టి, ఆ చోట చింత దుంగను నిలబెట్టాడు. రేపటి నుంచి మిగతా కట్టెలన్నీ దాని మీదే చీలుతాయి.